కవచం కూడా కుట్టించుకునేదే

పోయిన నెల శ్రీకాకుళం నుంచి ఒక ఇంజనీరింగు కుర్రాడు మా ఇంటికొచ్చాడు. చేతిలో బట్టల కొట్టు సంచి, అందులో కాగితంతో చేసిన శిరస్త్రాణం. పద్దెనిమిది రాత్రులు కూర్చున్నాడట. అతుకుల్లో వెంట్రుక దూరే సందు లేదు. నేను చేసిన మొదటిది దీని పక్కన పెడితే సిగ్గుతో చచ్చిపోవాలి.

"అన్నా, దీనికి ఏ రెజిన్ కొట్టాలి? ఫైబర్ మ్యాటు ఎన్ని పొరలెయ్యాలి?" అన్నాడు. కాగితం రాయిలా బిగుసుకోడానికి పూసే జిగట ద్రవం రెజిన్, దాంతో అంటించే గాజు నార గుడ్డ ఫైబర్ మ్యాటు.

"అదంతా తరవాత. ముందొకసారి పెట్టుకో."

మొహమాటపడుతూ తలమీద పెట్టుకున్నాడు. చెవుల దాకా దిగి ఆగిపోయింది. ఇంకాస్త లాగేసరికి వెనక అతుకు టప్పుమంది.

"గట్టిపడ్డాక సరిపోద్దిలే అనుకున్నానన్నా."

నేను నవ్వలేదు. పదేళ్ళ కిందట నేనూ ఇదే అనుకున్నాను. వేషం కట్టే సరదాతో కాగితం కవచాలు చేసేవాళ్ళలో నూటికి తొంభైమంది ఇదే అనుకుంటారని ఇప్పుడు నా అనుమానం. ఎవరి వీడియో చూడండి, కాగితం మడిచి అతికించే భాగం పాట పెట్టి పరిగెత్తిస్తారు. రెజిన్ పూయడం, పుట్టీ పెట్టడం, సాండ్‌పేపరు రుద్దడం, రంగు కొట్టడం మాత్రం తీరిగ్గా చూపిస్తారు. చూసినవాడికి అసలు పని అక్కడుందనిపిస్తుంది. అసలు పని టేపు దగ్గరుంది. కొలతల టేపు సంగతి చెబుతున్నాను. మనం చేసేది బొమ్మ అనుకుంటున్నాం. ఒంటిమీద వేసుకునేది బొమ్మ ఎలా అవుతుంది? అది బట్ట. గట్టి బట్ట. కవచం చెయ్యడమంటే దర్జీపని.

నేను దర్జీ కొడుకుని కాబట్టి ఇలా అంటున్నానని మీరనొచ్చు. అనండి. దర్జీ కొడుకునై ఉండీ ఈ సంగతి తెలుసుకోడానికి నాకు ఏళ్ళు పట్టింది, సిగ్గుపడాల్సింది దానికి.

ఈ గోలంతా ఏమిటో తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. కంప్యూటర్లో గీసిన త్రీడీ రూపాన్ని చిన్న చిన్న పలకలుగా విడగొట్టి, చదునుగా పరిచి, ఎ4 కాగితాలమీద అచ్చు తీసుకునేలా ఇచ్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. అందులో పేరుమోసింది పెపకురా డిజైనర్. జపాన్‌లోని తమ సాఫ్ట్‌వేర్ వాళ్ళది. పేపర్, క్రాఫ్ట్ అనే రెండు ఇంగ్లీషు మాటలు జపాన్ నాలుకమీద తిరిగి, కురచై, పెపకురా అయ్యాయి. ఎక్కడెక్కడి వాళ్ళో కూర్చుని బోలెడన్ని కవచాల నమూనాలు నెట్లో పెట్టారు. దించుకోవాలి, ప్రింటు తీయించాలి, కత్తిరించాలి, మడవాలి, అతికించాలి. నిండు గీత కత్తెరకి. తెగిన గీతలు మడతలకి. అందులోనూ రెండు రకాలు, ఒకటి కొండలా పైకి లేచే మడత, రెండోది లోయలా లోపలికి దిగే మడత. నాన్న ఆ కాగితం చూసి "ఓస్, పై మడత, లో మడత" అని అర నిమిషంలో తేల్చేశాడు. ప్రతి అంచు పక్కనా ఒక అంకె ఉంటుంది. 47 ఉన్న అంచుని ఇంకో 47కి అతికించాలి. అంతే.

ఈ "అంతే" దగ్గరే జనానికి చులకన. "ప్రింటు తీసి అతికించడమేగా, ఇందులో నువ్వు చేసిందేముంది?" అని మా బావ నుంచి జిరాక్సు కొట్టతని దాకా అందరూ అడిగారు. గంటస్తంభం దగ్గర సందులో నాన్న కొట్టుంది. నలభై ఏళ్ళుగా అక్కడ గోడకి ఒక మేకు, మేకుకి ఖాకీ కాగితంతో కోసిన చొక్కా ముక్కలు వేలాడుతుంటాయి. ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, కాలరు. విజయనగరంలో కొన్ని వందలమంది చొక్కాలు ఆ మేకుమీంచే దిగాయి. అలాగని నాన్నని ఎవరూ "కాగితం చుట్టూ సుద్ద గీసి కత్తిరించడమేగా" అనలేదు. ఖాకీ కాగితం ఊరందరికీ ఒకటే. చొక్కా ఎవరిది వాళ్ళదే. మధ్యలో ఉన్న ఆ తేడా పేరే పనితనం.

కాగితం దగ్గర ఇంకో చిక్కుంది. 1827లో గౌస్ అనే జర్మనీ గణితవేత్త ఒక సంగతి రుజువు చేశాడు. బంతి పైచర్మాన్ని సాగదీయకుండా, చింపకుండా చదునుగా పరచడం ఎవరి తరమూ కాదు. స్కూలు అట్లాసులో గ్రీన్‌లాండు ఆఫ్రికాతో పోటీ పడుతూ కనిపించడానికి కారణం ఇదే. తిరగేస్తే మన సమస్య. చదును కాగితాన్ని తలకాయలాంటి గుండ్రటిదానికి ముడతలు లేకుండా తొడగలేం. అందుకే నమూనాలో శిరస్త్రాణం నడినెత్తి భాగం ఒక్క ముక్కగా రాదు, ఒలిచిన నారింజ తొక్కలా కోణాలు కోణాలుగా వస్తుంది. ఆ కోణాల అంచులు దగ్గరకి లాగి అతికిస్తే మధ్యలో ఉబ్బు పుడుతుంది.

నేనిది గొప్పగా వివరిస్తుంటే నాన్న మిషను ఆపి, అప్పుడే కుట్టిన ఒక జాకెట్టు నా ముందు పడేశాడు. "ఇది డాటు కాదేటి?" అన్నాడు. నిజమే. చదును గుడ్డలో ఒక కోణం తీసి, అంచులు కలిపి కుడితే గుడ్డ ఒంటి వంపుకి ఒదుగుతుంది. ఇంకా బాగా ఒదగాలంటే డాటు మానేసి కటోరీ జాకెట్టులా వేరే ముక్క పెడతారు. పలకలు ఎక్కువున్న నమూనాకి, తక్కువున్న నమూనాకి తేడా అచ్చం ఇదే. నాన్న గౌస్ పేరు వినలేదు. పెళ్ళిళ్ళ సీజనులో రోజుకి పది జాకెట్ల చొప్పున ఆయన సూత్రంతో కుస్తీ పట్టాడు.

పలకలు ఎక్కువుంటే నున్నగా వస్తుందని అందరూ ఆ నమూనాలకే ఎగబడతారు. వచ్చేమాట నిజమే. కానీ ఒక్కో అతుకులో అర మిల్లీమీటరు తప్పు పోయిందనుకోండి, చుట్టూ 40 అతుకులుంటే చివరికి 2 సెంటీమీటర్లు. ఆఖరి ముక్క అతకదు. అప్పుడు లాగి పీకి అతికిస్తాం, మొత్తం మెలి తిరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు తక్కువ పలకలది తీసుకోండి. మడత గీతలమీద ఇంకు అయిపోయిన రీఫిలుతో ఒకసారి గట్టిగా గీసి మడవండి. నేనైతే నాన్న దగ్గరున్న పళ్ళ చక్రం, గుడ్డమీద గుర్తులు పెట్టడానికి దొర్లిస్తారే, అది దొర్లిస్తాను. మడత కత్తితో కోసినట్టు వస్తుంది.

ఇప్పుడు నా ఘనకార్యం. 2014లో నేను ఇంటికి దూరంగా మేడమీద ఒక అద్దె గదిలో ఉండేవాణ్ణి. అంతరిక్ష సైనికుడి మాదిరి కవచం ఒకటి దించాను. నమూనా 6 అడుగుల మనిషికి, అంటే 183 సెంటీమీటర్లకి గీసింది. నేను 165. భాగిస్తే 0.9. లెక్క వచ్చినవాణ్ణి కదా, మొత్తం కవచాన్ని పదో వంతు తగ్గించి ప్రింటు తీయించాను. ఛాతీ బాగానే వచ్చింది. శిరస్త్రాణం రాలేదు. నమూనాలో మెడ దగ్గర తల దూరే సందు 22 సెంటీమీటర్లుంటే నాకు 20కి లోపే వచ్చింది. నుదుటి నుంచి వెనక బుర్ర దాకా నా తలే పందొమ్మిదిన్నర. లోపల మెత్త అతికించాలి, చెవులు దూరాలి, కళ్ళజోడు సంగతి సరేసరి.

పొట్టివాడి తల పొట్టిగా ఉండదు. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందు చెబితే బాగుండేది. ఎత్తు మారినంతగా తల మారదు. చిన్నపిల్లల్లో ఇది మరీ ఎక్కువ. తరవాత మా మేనల్లుడికి కొలిచినప్పుడు వాడు తొమ్మిదేళ్ళవాడు, ఎత్తు 128. అంటే నమూనా మనిషిలో 0.7. తల చుట్టుకొలత మాత్రం 53. నాది 57. వాడి ఒంటికి 70 శాతం, తలకి 93 శాతం. రెంటికీ ఒకటే లెక్క వేసినవాడు పిల్లాడి తలకి కొబ్బరిచిప్ప తొడుగుతాడు. నాన్న దగ్గరికి ఎవరొచ్చినా ఎత్తు అడగడు. టేపు మెడలోంచి తీసి భుజం, ఛాతీ, నడుం, చెయ్యి, మణికట్టు విడివిడిగా కొలిచి రాసుకుంటాడు. నేనది పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. చూసి నేర్చుకున్నదేమిటంటే, ఏమీ లేదు.

సరే, తల దూరలేదు. శ్రీకాకుళం కుర్రాడిలాగే గట్టిపడ్డాక చూద్దాంలే అనుకుని విశాఖ వెళ్ళి పాలియెస్టర్ రెజిన్ కొన్నాను. కొట్టతను డబ్బాతోపాటు రెండు చిన్న సీసాలిచ్చాడు. ఒకటి ఊదారంగు కోబాల్టు, రెండోది గట్టిపరిచే హార్డెనర్. "ఈ రెండూ ఒకదాన్లో ఒకటి పొయ్యకండి బాబూ" అని మూడుసార్లు చెప్పాడు. ఆయన పుణ్యం, ఆ మాట విన్నాను. నేరుగా కలిస్తే భగ్గుమంటాయి, పేలతాయి కూడా. వినని మాట ఇంకోటుంది. హార్డెనర్ వందకి ఒకటి రెండు పాళ్ళు మించకూడదు. నేను కంటి కొలతతో పోశాను. కలిపిన ప్లాస్టిక్ మగ్గు చేతిలోనే వేడెక్కడం మొదలెట్టింది. నాలుగు బ్రష్షులు పూశానో లేదో మగ్గులోది జున్నులా బిగిసి, పొగలు కక్కి, మగ్గు అడుగు వంగిపోయింది.

పూసిన మేర ఇంకోలా పగ తీర్చుకుంది. రెజిన్ తాగిన కాగితం ముందు మెత్తబడుతుంది, ఆ మెత్తదనంలో తన బరువుకి తాను వంగుతుంది, ఆ వంపులోనే రాయవుతుంది. లోపల అడ్డపుల్లలు పెట్టకుండా పూశాను గనక గడ్డం వెడల్పై, ఎడమ చెంప జారి, అష్టావక్రుడి శిరస్త్రాణం తయారైంది. కింద వాటాలో ఇంటి ఓనరు పిన్నిగారు మెట్లెక్కి వచ్చి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "ఏటి బాబూ, కిరసనాయిలు కాస్తన్నావేటి?" అంది. అది స్టైరీన్ వాసన. ఆ రాత్రి కిటికీలు తెరిచి పడుకున్నా తల పగిలిపోయింది. రెండో రోజుకీ అన్నం సయించలేదు.

మిగిలిన ముక్కలు, ఛాతీ, వీపు, భుజాలు, ఇంకా పచ్చి కాగితంగా అటకమీద ఉన్నాయి. ఆ ఏడు మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం అయి వారం తిరగలేదు, అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ గాలి గురించి మా వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కిటికీ అద్దం పోయింది, అటక తడిసింది, కరెంటు రోజుల తరబడి లేదు. కొవ్వొత్తి వెలుగులో అటకమీంచి దించితే, కవచం లేదు. తడిసి విడిపోయిన పలకలున్నాయి. లేజర్ ప్రింటు కాబట్టి అంకెలు మాత్రం చెక్కు చెదరలేదు. 47 ఒక పక్క, 47 ఇంకో పక్క.

దానినుంచి నేను తీసిన పాఠం, అన్నిటికీ ముందే రెజిన్ కొట్టి ఉండాల్సింది అని. తప్పుడు పాఠం. దాన్ని పట్టుకుని ఇంకో మూడు శిరస్త్రాణాలు తగలేశాను.

కళ్ళు తెరుచుకుంది మేనల్లుడి కవచం దగ్గర. అప్పటికి గది ఖాళీ చేసి ఇంటికొచ్చేశాను. నాన్న మోకాళ్ళ నొప్పితో కొట్టుకి పూటే వెళ్తున్నాడు. నేను హాల్లో చాప పరుచుకుని పిల్లాడి ఛాతీ పలక అతికిస్తుంటే కుర్చీలోంచి చూసి చూసి ఒకటే అడిగాడు.

"చంకేది రా?"

"ఇదిగో, ఈ కన్నం."

"అది కన్నం. చంకేది? గుంటడు చెయ్యెత్తితే ఇదెక్కడికి పోద్ది?"

పిల్లాణ్ణి పిలిచి తొడిగాం. చెయ్యెత్తమన్నాం. పలక మొత్తం లేచి గడ్డానికి కొట్టుకుంది. కూర్చోమన్నాం. కింద అంచు తొడలమీద ఆని, పై అంచు గొంతుని నొక్కింది. "కూకోనేడు, చెయ్యెత్తనేడు. ఇది తొడుక్కుని గుంటడు ఏటి సేస్తాడ్రా, ఫొటో దిగుతాడా?" అన్నాడు నాన్న.

ఆ మాట ఇప్పటికీ నెట్లో గొప్ప గొప్ప కవచాలు చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. అన్నీ ఫొటోలే. మనిషి నిలబడి ఉంటాడు, చేతులు కొంచెం ఎడంగా, మెడ నిటారుగా. కూర్చున్న ఫొటో చూపించండి. మెట్లెక్కే ఫొటో చూపించండి.

గుడ్డకైతే చంక పైకి, బిగువుగా ఉంటేనే చెయ్యి బాగా లేస్తుంది. గుడ్డ కదులుతుంది గనక. అట్ట కదలదు, కాబట్టి ముందు వైపు చంక దగ్గర లోతుగా కోసెయ్యాలి, కోసిన ఖాళీని భుజం పలకతో కప్పాలి. యూరపులో ఉక్కు కవచాలు చేసినవాళ్ళూ ఇదే చేశారు. వాళ్ళ నిండు కవచం 15 నుంచి 25 కిలోలు తూగేది, అయినా దానితో గుర్రం ఎక్కేవారు, పడితే లేచేవారు. బరువు ఒంటి నిండా పంచారు, కీళ్ళ దగ్గర సన్నటి పట్టీలు ఒకదానిమీద ఒకటి జారేలా పెట్టారు. అదంతా కొలత తీసి చేసిన పని. కాగితం కవచమని నవ్వేవాళ్ళకి ఇంకో మాట. చైనాలో తాంగ్ వంశం కాలానికే కాగితం పొరలు వేసి సైనికులకి కవచాలు తొడిగారు.

అంతదూరం ఎందుకు, పౌరాణిక నాటకాలు చూసినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. మా చిన్నప్పుడు నాన్న ఒక నాటక సమాజానికి మఖ్మల్ చొక్కాలు కుట్టేవాడు. అట్టతో చేసి, జిగినీ కాగితం అతికించి, అద్దాలు పొదిగిన భుజకీర్తులు కొట్టుకి వచ్చేవి. వాటిని చొక్కా భుజానికి ఒక పక్కే కుట్టేవాడు. రెండో అంచు వదిలేసేవాడు. "పజ్జెం ఎత్తుకుంటే చెయ్యి లేపాల గదా" అనేవాడు. రాగం తీస్తూ అర్జునుడు చెయ్యి పైకి చాపితే భుజకీర్తి కూడా లేచి, చెయ్యి దించితే దిగేది. నేను జపాన్ సాఫ్ట్‌వేర్లో వెతికిన కీలు మా కొట్టులోనే ఉంది. అట్టకి అట్ట అతికించకూడదు. గుడ్డకి అట్ట కుట్టాలి.

ఇప్పుడు నా కవచాలన్నిటికీ లోపల ఒక బిగుతు నూలు బనీను ఉంటుంది. ఛాతీ పలక బనీనుకి పైన రెండు చోట్ల మాత్రమే పడుతుంది. భుజాలు ఒక అంచున వేలాడతాయి. పక్కల ఎలాస్టిక్, వీపున టిచ్ బటన్లు. పొట్ట భాగం ఒకే పలక కాదు, మూడు పట్టీలు. వంగితే ఒకదాని కిందకి ఒకటి దూరతాయి.

గట్టిదనం మాటేమిటంటారా? చెబుతాను, ఎందుకంటే రెజిన్ వాళ్ళతో నా అసలు పేచీ అక్కడే.

కాగితం 200 జీఎస్ఎం ఐవరీ షీటు. అంటే చదరపు మీటరు 200 గ్రాములు. పదహారు ఎ4లు కలిపితే ఒక చదరపు మీటరు, కాబట్టి ఒక్కోటి పన్నెండున్నర గ్రాములు. మేనల్లుడికి 74 కాగితాలు పట్టాయి, 925 గ్రాములు, అందులో కత్తిరింపులు తీసేస్తే ఇంకా తక్కువ. అతికించాక ముందు లోపలా బయటా లక్క పాలిష్ పూస్తాను. కుర్చీలకి వేసే స్పిరిట్ పాలిషే. లక్క స్పిరిట్‌లో కరిగి ఉంటుంది కాబట్టి నీళ్ళలా కాగితాన్ని ఉబ్బించదు, తొందరగా ఆరి పెళుసు పెంకులా నిలబెడుతుంది. లోపల చీపురు పుల్లలు అడ్డం పెట్టి ఆకారం చెదరకుండా చూస్తాను. తరవాత మైదా జిగురు. పోస్టర్లు అంటించేవాళ్ళు లై అంటారు. కప్పు మైదాకి ఐదు కప్పుల నీళ్ళు, ఉండ కట్టకుండా, అడుగంటకుండా కాచాలి. పుస్తకాలు బైండు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం కలుపుతారు. మనం కలపకూడదు, అది విషం, పిల్లాడి మొహానికి తగిలే వస్తువు ఇది.

ఆ జిగురులో తడిపిన నూలు పీలికలు లోపలివైపు అంటించాలి. మొదట నేను నిలువు పీలికలు వాడాను. వంపుల దగ్గర ముడతలు పడ్డాయి. నాన్న గుడ్డ లాక్కుని మూల నుంచి మూలకి ఏటవాలుగా చింపాడు. జాకెట్టు మెడకి వేసే క్రాసు పట్టీ. క్రాసు గుడ్డ సాగుతుంది, గుండ్రటిదానిమీద చర్మంలా కూర్చుంటుంది. రోజుకి ఒక్క పొర, ఫ్యాను గాలికి, ఎండలో కాదు. రెండు పొరలు చాలు. పీలికలు కొట్టులో మిగిలిన లంగా గుడ్డవి. ఒకసారి నాన్న పొందూరు ఖద్దరు పంచె పాతది ఒకటి కనపడితే చింపబోయాను. ఆ రోజు ఇంట్లో జరిగింది ఇక్కడ రాయను.

అన్నీ అయ్యాక, ప్రైమరు, వెండి రంగు, చివర ఇంకోసారి పాలిష్. తూకం వేస్తే బనీనుతో సహా కిలో నాలుగు వందల గ్రాములు. కింద పడింది, సొట్ట పడలేదు. మావాడు దానిమీద కూర్చున్నాడు కూడా, అప్పుడు మాత్రం సొట్ట పడింది. లోపల్నుంచి తడి చేసి వేలితో తోసి, ఇంకో పీలిక అంటించాను. రెజిన్ది పగిలితే అలా తోసి చూడండి.

ఎదుటివాళ్ళ న్యాయం కూడా చెప్పాలి. వాన పడితే నా కవచం పరువు పోతుంది. లక్క పాలిష్ నీళ్ళు తగిలితే తెల్లగా పాలిపోతుంది, తడి లోపలికి దిగితే మైదా మైదాలాగే ప్రవర్తిస్తుంది. రెజిన్‌కి ఆ భయం లేదు. ఊరి బయట షెడ్డుండి, గాలి ఆడే చోటుండి, కరోనా నాటి గుడ్డ మాస్కు కాకుండా బొగ్గు ఫిల్టరున్న అసలు మాస్కుండి, కొలత సరిపోయిందని పది రోజులు తొడుక్కుని తిరిగి చూసుకుని, అప్పుడు రెజిన్ కొడతానంటే నేను కాదనను. ఆ పద్ధతి కారు షెడ్లున్న ఇళ్ళవాళ్ళు కనిపెట్టింది. మనకి షెడ్డు లేదు, హాలుంది, హాల్లో అమ్మమ్మ ఉంది. అలాగే ఎవా ఫోమ్ అనే మెత్తటి స్పంజి షీట్లు వచ్చాక అవే నమూనాలు ఫోమ్‌మీద గీసి కోసేస్తున్నారు. మోచేతులకి, మోకాళ్ళకి అదే మంచిది, ఒప్పుకుంటాను, నేనూ వాడతాను. ఫోమ్ వంగుతుంది గనక కొలత తప్పినా క్షమిస్తుంది. కొత్తవాళ్ళు దానితో మొదలెడితే కొలత నేర్చుకోరు అన్నదొక్కటే నా బాధ. కాగితం దేన్నీ క్షమించదు.

తొలేళ్ళ రాత్రి మేనల్లుణ్ణి ఆ కవచంతో పైడితల్లి అమ్మవారి గుడి వైపు తీసుకెళ్ళాం. సిరిమానుకి ముందు రోజు రాత్రి మా ఊరు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. మూడు లాంతర్ల కూడలి దగ్గర మనిషికీ మనిషికీ మధ్య గాలి కూడా దూరదు. పులివేషాల డప్పులు ఒక పక్క, తప్పెటగుళ్ళు ఇంకో పక్క. మా వెండి సైనికుడు ఆ తొక్కిసలాటలో మూడు గంటలు నడిచాడు. పులి వేషం కట్టినతను వీణ్ణి చూసి రెండు అడుగులు ఎదురాడాడు. వీడు చెయ్యెత్తి ఆడాడు. ఛాతీ పలక ఉన్నచోటే ఉంది. గుడి మెట్లమీద కూలబడి జిలేబీ తిన్నాడు, శిరస్త్రాణం తీసి ఒళ్ళో పెట్టుకుని.

పదిన్నరకి చెవి దగ్గరికొచ్చి "మావయ్యా, ఒంటేలు" అన్నాడు. నాకు గుండె ఆగింది. పొట్ట పట్టీల కింద నడుం పలక ఉంది, దాని కింద తొడల పలకలున్నాయి. అవన్నీ ఎలా ఊడతాయో నేను ఆలోచించనే లేదు. నాన్న ఆలోచించాడు. నడుం పలకకి ముందు రెండు టిచ్ బటన్లు పెట్టి ఉంచాడు, నాకు చెప్పకుండా. టక్ టక్. అర నిమిషం పట్టింది.

ఇదంతా చెప్పి శ్రీకాకుళం కుర్రాడి తల కొలిచాను. 58. వాడి శిరస్త్రాణం లోపలి చుట్టుకొలత 56. మెత్తకి, గాలికి కలిపి ఇంకో ఆరు కావాలి, 64 దగ్గరుండాలి. మళ్ళీ ప్రింటు తియ్యాల్సిందే అంటే మొహం వాడిపోయింది. పద్దెనిమిది రాత్రులు మరి. నాన్న ఆ శిరస్త్రాణం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నుదుటినుంచి నడినెత్తిమీదుగా మెడ దాకా వేలితో ఒక గీత గీసి, "ఇక్కడ కోసి మధ్యలో పట్టీ ఎయ్యి. సొక్కా బిగుతైతే కొత్తది కుడతావేటి?" అన్నాడు. నాలుగు సెంటీమీటర్ల పట్టీ, నుదుటి నుంచి మెడ దాకా, అంటే చుట్టుకొలతకి ముందూ వెనకా కలిపి ఎనిమిది, పైకి కొంచెం లేపి శిఖలా చేశాం. నమూనాలో లేని శిఖ. నమూనాలో దానికంటే బాగుంది.

ఇక మా మేనల్లుడు. ఏడాది తిరిగేసరికి 128 కాస్తా 135 అయింది. కవచం పక్కల ఎలాస్టిక్ చివరి దాకా సాగినా టిచ్ బటన్లు కలవడం లేదు. పోయిన ఆదివారం తొడిగి చూసి నాన్న నన్నడిగాడు, "ఎదిగే గుంటడికి లోపల ఎంతొగ్గావు?" పిల్లల చొక్కా కుడితే కుట్టు లోపల అంగుళం గుడ్డ మిగల్చడం, పెరిగినప్పుడు విప్పి వదలడం ఆయనకి అలవాటు. కాగితానికి అతికించే నాలుకలు 6 మిల్లీమీటర్లుంటాయి. అందులోంచి ఏమీ విప్పలేం. ప్రస్తుతం పక్కల రెండు పలకల్ని ఒకదాని కింద ఒకటి 3 సెంటీమీటర్లు దూరేలా, గాడిలో జరిగేలా ఖాకీ కాగితంమీద గీస్తున్నాం. గాడి బిగుసుకుపోతోంది. జిప్పు పెట్టి చూద్దామంటున్నాడు నాన్న.